పెరటిలో చలికాలపు కూరమడి



దసరా వచ్చేసరికి మన కోస్తా పల్లెలలో వరి పొట్టకు వస్తుంది. నాట్ల హడావిడి తీరిపోయినది, కోతల హడావిడి ఇంకా రాలేదు. రైతు ఇంట సంవత్సరములో చిక్కే కొద్దిపాటి తీరిక ఇదే. ఈ తీరికలో ఇంటి వెనుక ఒక సెంటు నేలను కూరమడిగా మార్చుకొనుట ఎట్లాగో, అందులోని లాభమేమిటో, సంతోషమేమిటో ఈ పూట మనవి చేస్తాను.

ముందుగా లాభం మాట. గాదె నిండా ధాన్యమున్న ఇంట కూడా కంచంలో కూర పలుచనగా ఉండడం మనం చూస్తూనే ఉన్నాం. అన్నానికి లోటు లేదు, పచ్చడితో పూట గడిచిపోతుంది. దాని ఫలితం మాత్రం ఆడవారి ముఖాలలో పాలిపోయి కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఆకుకూర ఒక్కటే దీనిని కుదర్చదు. రక్తం తక్కువైనవారు వైద్యునికి చూపించుకొని, ఇచ్చిన మాత్రలు వాడవలసినదే. అయినా రోజూ తినే తిండిలో ఆకు, కాయ, దుంప లేకుండా ఒంటికి బలం నిలువదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శకాలలో ఒక్కొక్క మనిషి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలు తినవలెనని, అందులో 50 గ్రాములు ఆకుకూర ఉండవలెనని చెప్పినది. గర్భిణులకైతే ఆకుకూరే 100 గ్రాములన్నది.

ఐదుగురున్న ఇంటికి ఈ లెక్కన రోజుకు కిలోన్నర కూరగాయలు కావలెను. ఒక సెంటు నేల ఇదంతా తీరుస్తుందని నేను చెప్పను. వారంలో రెండు మూడు పూటలు ఆకుకూర, మిగిలిన రోజులలో ఏదో ఒక కూర, పులుసులోకి నాలుగు టమాటాలు, చారులోకి కొత్తిమీర, ఇవి మాత్రం తప్పక ఇస్తుంది. ఇంతవరకు అంగడిలో కొననివి కూడా ఇక కంచంలోకి వస్తాయి. అదీ అసలు లాభం.

ఇక, చలికాలమే ఎందుకని మీరు అడుగవచ్చును. ఉత్తరాంధ్రలో రామములగ అనీ, నెల్లూరు, చిత్తూరు వైపు తక్కాళి అనీ పిలిచే టమాటా రాత్రులు వేడిగా ఉంటే పూత రాల్చివేస్తుంది. రాత్రులు చల్లబడితే పిందె నిలుస్తుంది. క్యాబేజీ గడ్డ గట్టిపడుటకు చల్లదనం కావలెను. పాలకూర, మెంతి, కొత్తిమీర ఎండలలో త్వరగా ముదిరి పూతకు పోతాయి. చలిలో మెత్తగా, లేతగా పెరుగుతాయి. మన పందిరి చిక్కుడు సంగతి ఇంకా చిత్రమైనది. ఆషాఢంలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా తీగ పెరుగుతూనే ఉంటుంది గాని, పగటి పొద్దు కురచ అయ్యేదాకా పూయదు. అందుకే సంక్రాంతికి చిక్కుడు, రథసప్తమికి చిక్కుడుకాయల రథం మనకు ఆనవాయితీ అయినవి.

ఇప్పుడు మడి సంగతి చూద్దాం. పొద్దున్నుంచి కనీసం ఐదారు గంటలు ఎండ తగిలే చోటు ఎన్నుకొనవలెను. చింతచెట్టు నీడన కూరలు పండవు. ఒక సెంటు నేలలో నాలుగడుగుల వెడల్పు, పది అడుగుల పొడుగు ఉన్న మళ్లు ఆరు వస్తాయి. నడుమ అడుగున్నర బాట వదలండి. రెండు వైపుల నుంచీ చేయి చాచితే మడి నడిమికి అందవలెను. అప్పుడు లోపల కాలు పెట్టి మట్టి తొక్కే పని ఉండదు.

మడిని అరడుగు ఎత్తు చేయండి. ఈ మాట మరీ మరీ చెబుతున్నాను. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుఫానుల కాలం. పల్లపు మడిలో ఒక్క రాత్రి నీరు నిలిస్తే నెల పెంచిన మొక్క ఉదయానికి తల వాలుస్తుంది. ఎత్తుమడి, దాని ప్రక్కన కాలువ ఉంటే వాన నీరు దానంతట అదే జారిపోతుంది. మట్టిని జానెడు లోతు త్రవ్వి, పెళ్లలు చితుకగొట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సెంటుకు 100 కిలోలు, అంటే పది తట్టలదాకా కలపండి. పచ్చిపేడ వేయరాదు; చెదలు, వేరుపురుగులు చేరుతాయి. నల్లరేగడి అయితే కొంత ఇసుక, చెరువు మట్టి కూడా కలపడం మంచిది.

మొదటి మడిలో టమాటా వేయండి. రెండడుగుల ఎడంతో రెండు సాళ్లు, సాలులో అడుగున్నరకొక మొక్క, మొత్తం పద్నాలుగు మొక్కలు పడతాయి. రెండవ మడిలో సగం వంగ, సగం మిరప. మూడవ దానిలో క్యాబేజీ, కాలీఫ్లవర్. కాలీఫ్లవర్‌లో మాత్రం త్వరగా కోతకు వచ్చే ఎండకోర్చే రకమే అడిగి తీసుకొనండి. గట్టి చలి కోరే రకాలు మన కోస్తాలో ఆకు పెంచుతాయి గాని పువ్వు కట్టవు. నాలుగవ మడిని నాలుగు భాగాలు చేసి పాలకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర చల్లండి. ఐదవది ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్‌లకు. ఆరవ మడి మొదట నారుమడి. నారు తీసిన తరువాత అందులో ఉల్లి నాటవచ్చును. దడి మీదికి చిక్కుడు ప్రాకించండి. బాటల చివర నాలుగు బంతి మొక్కలు పెట్టండి. గుమ్మానికి తోరణమూ అవుతుంది, గొబ్బెమ్మలకు పువ్వూ అవుతుంది.

టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి నారు పోసి నాటేవి. గ్రాము టమాటా విత్తనంలో దాదాపు 300 గింజలుంటాయి; కాబట్టి చిటికెడు విత్తనం మీ ఇంటికీ, పొరుగింటికీ సరిపోతుంది. గింజలను వేలెడు ఎడంగా గీతలు గీసి పలుచగా వేయండి. పైన సన్నని ఎరువు చల్లి వరిగడ్డి కప్పండి. మొలక కనబడగానే సాయంత్రం పూట గడ్డి తీసివేయవలెను. ఒత్తుగా పోసినా, నీరు ఎక్కువైనా నారుకుళ్లు తెగులు వస్తుంది. కాడ మొదట నీరుకారి నారు గుంపులు గుంపులుగా పడిపోతుంది. నారు తగినంత ఎదిగిన తరువాత పీకి, పొద్దు వాలిన తరువాత నాటి, వెంటనే నీరు పోయండి.

ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లను పీకి నాటరాదు. దుంప చీలి వంకరలు పోతుంది. ఉన్నచోటనే విత్తి, మొలిచిన తరువాత పలుచన చేయవలెను. క్యారెట్ విత్తనం సన్నము. ఇసుకలో కలిపి చల్లండి. బీట్‌రూట్ విత్తు ఒక్కటిగా కనిపించినా అందులో రెండు మూడు గింజలుంటాయి. ఒక మొలక ఉంచి మిగిలినవి తీసివేయండి. ధనియాలను చెప్పుతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి చల్లితే మొలక బాగా వస్తుంది.

ఇక ఈ ప్రసంగములో అన్నిటికంటె ముఖ్యమైన మాట చెబుతాను. పొలం వేరు, పెరడు వేరు. పొలంలో అంతా ఒక్కసారి విత్తి ఒక్కసారి కోస్తాం. పెరటిలోనూ అదే చేస్తే ఒక వారం ఇల్లంతా ముల్లంగి, తరువాత నెలంతా శూన్యం. పిల్లలు ముల్లంగి పేరు చెబితే పారిపోతారు! కాబట్టి విత్తనం పొట్లం ఒక్కనాడే ఖాళీ చేయకండి. ముల్లంగి ఈ వారం ఒక సాలు, పదిహేను రోజులకు మరొక సాలు వేయండి. మెంతి, కొత్తిమీర కూడా అంతే. మెంతి మూడు వారాలు దాటగానే కోతకు వస్తుంది. పాలకూరను వేళ్లతో పీకకుండా పైన కోసుకుంటే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. తుఫాను వచ్చి మొదటి నారు పోయినా, దాచిన చిటికెడు విత్తనంతో రెండవసారి మొదలుపెట్టవచ్చును. ఇంట్లో రోజూ ఎంత తింటామో చూసుకొని విత్తడమే పెరటి సేద్యం.

"నీళ్లెక్కడివండీ?" అంటారు కొందరు. బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మళ్లలోకి పోయండి. స్నానాల నీరు, సబ్బు నీరు అరటికి, మునగకు మళ్లించండి గాని, ఆకుకూరల మీదికి రానీయకండి. "కోళ్లు ఊరుకుంటాయా?" అంటారు మరికొందరు. ఊరుకోవు! అందుచేత విత్తనాలకు ముందే దడి కట్టండి. ఆ తరువాత కట్టే దడి కోళ్లు తిని పోగా మిగిలినదానికే కాపలా.

పురుగు మందుల విషయం జాగ్రత్త. ప్రత్తికి, వరికి తెచ్చిన మందు కొంచెం మిగిలింది కదా అని పెరటి కూరలపై చల్లకండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించినది. చిక్కుడుకు పేనుబంక పడితే ఆ కొనలు త్రుంచి వేయండి. అప్పటికీ తగ్గకుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లండి. క్యాబేజీ మడి చుట్టూ ఒక సాలు ఆవాలు వేస్తే ఆకుతినే పురుగు చాలవరకు ఆవ మొక్కల మీదికి పోతుంది. సెంటు నేలలో పురుగును చేత్తో ఏరివేయడం కష్టమేమీ కాదు. పిల్లలు ఆటగా చేస్తారు.

అమ్మా, వంట సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు. ఒక్క రెండు మాటలు. ముల్లంగి ఆకును, బీట్‌రూట్ ఆకును పారవేయకండి, పప్పులో బాగుంటాయి. ఆకుకూర ఉడికిన నీటిని వంపివేయకండి. ఆకుకూరతో టమాటా గాని, నిమ్మరసం గాని చేరితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. క్యారెట్, ఆకుకూరలలోని కంటికి మేలు చేసే సారం ఒంటబట్టుటకు కొంచెం నూనె తాళింపు సాయపడుతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊరికి వంద విత్తనాల పొట్లాలు పంచి వెళ్లిపోయేకంటె, వీధికొక పెరడు దగ్గర నిలబడి పండించి చూపండి. నారు ఎక్కువ పోయించి ఇరుగుపొరుగుకు పంచిపెట్టించండి. కూలి ఇండ్లలో సెంటు నేల లేకపోవచ్చును. అక్కడ గుమ్మం ప్రక్కన ఒక చిక్కుడు పాదు, పగిలిన కుండలో కొత్తిమీర, చూరు నీడ పడనిచోట రెండు టమాటా మొక్కలు చాలు. అవీ ఆ ఇంటి కంచంలోకి చేరేవే.

ఇక సంతోషం మాట. మంచు పడిన ఉదయాన క్యాబేజీ ఆకు మీద నీటిబొట్టు పాదరసంలా దొర్లుతుంటే చూడండి. పులుసు పొయ్యి మీద మరుగుతుండగా నాలుగడుగులు వేసి కొత్తిమీర త్రుంచి తెండి. ఆ వాసన అంగడిలో దొరకదు. పిల్లవాడికి ఒక సాలు అప్పగించి "ఇది నీది" అనండి. ఏ కూరా ముట్టనివాడు తాను పీకిన ముల్లంగిని కడుక్కొని కొరుకుతాడు. ధాన్యం పండితే అమ్ముతాం. పెరటి కాయ కాస్తే పొరుగింటికి పంపుతాం. గంప నిండా చిక్కుడుకాయలు వెళ్లిన ఇంటినుంచి గిన్నె ఖాళీగా తిరిగి రాదు.

పలుగు, పార ఇంట్లోనే ఉన్నవి. ఎరువు దిబ్బ మీద ఉన్నది. ఇక కావలసినది చిటికెడు విత్తనం, రోజుకు అరగంట పని. రేపు ఉదయం ఒక మడి మాత్రం త్రవ్వండి. మిగిలిన ఐదు మళ్లు వాటంతట అవే మీ చేత త్రవ్వించుకుంటాయి.