జట్టున కైకమత్యము

మా వెంగళరావు నగరమున నాదివారములందు క్రికెట్టాడు కుఱ్ఱవాండ్రు నన్ను తగవు తీర్ప బిలిచిరి. నాయకత్వమున కిద్దఱు పోటీ. ఓడినచో మఱువారము సగము మంది రారు. నేను బ్యాటు పట్టి యెఱుగను. అయినను సి. కె. నాయుడుగారి మాట చెప్పితిని.

1932 జూనులో లార్డ్సు మైదానమున భారతజట్టునకు తొలి టెస్టు. పోరుబందరు మహారాజు తమ యాట యేపాటిదో తామే యెఱిగి తప్పుకొనగా నాయుడుగారు నాయకులైరి. జట్టులో కొందఱి కది రుచింపలేదందురు. బంతి నాపబోయి చేయి గాయపడినను వారు బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. తొలి యిన్నింగ్సున మనవారిలో నదియే యెక్కువ. 158 పరుగులతో నోడితిమి, నిజమే.

కుఱ్ఱవాండ్రు మాఱు పలుకలేదు. పోటీపడినవారిలో పెద్దవాడు కడపట నాడుటకు దానే యొప్పుకొనెను. ఆనాడు వారోడిరి. మఱుసటి యాదివారము పదునొకండుగురును వచ్చిరి.