పుట్టగొడుగుల పోలిక – రూపము, జన్యువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

 

వానలు పడిన పిదప పుట్టలమీద గొడుగులు మొలచుట మనమందఱము ఎఱిగినదే. చెదలు పుట్టలోపల పెంచుకొను శిలీంధ్రమే అట్లు పైకి వచ్చును. శాస్త్రజ్ఞులు దానిని టెర్మిటోమైసిస్ అందురు. అది రుచికరమైన కూర. కాని దాని ప్రక్కనే విషజాతియు మొలవవచ్చును. కావున పోలిక తెలియుట ప్రాణావసరము.

మొదటి మార్గము రూపపరీక్ష. టోపి, దాని అడుగునుండు మొప్పలు, కాడ, కాడకుండు ఉంగరము, మొదటనుండు సంచి చూడవలెను. టోపిని కాగితముపై బోర్లించి రాత్రియంతయు ఉంచినచో సిద్ధబీజముల ముద్ర పడును. 1821లో వెలువడనారంభించిన తన గ్రంథమున స్వీడను పండితుడు ఎలియాస్ ఫ్రీస్ ఆ ముద్ర రంగును వర్గీకరణకు ముఖ్యాధారముగా గైకొనెను. క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అను తెల్లని గొడుగు ముద్ర ఆకుపచ్చన. తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును. అయితే తెల్లని ముద్ర క్షేమమునకు గుర్తు కాదు. కాలేయమును చెఱచి చంపు అమనిటా ఫాలాయిడిస్ ముద్రయు తెలుపే.

రూపము మోసగించుటయు కలదు. ఒకే అట్టగల రెండు పుస్తకములను లోపలి అక్షరములు చదివి వేఱుపఱచుదుము కదా! జీవకణములోని డి.ఎన్.ఏ. నాలుగక్షరముల వ్రాత వంటిది. అందు ఐ.టి.ఎస్. అను చిన్న భాగమును శిలీంధ్రముల గుర్తింపునకు సామాన్య ప్రమాణముగా 2012లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి.

దీని ఫలము వినుడు. లండనులో కొన్న చైనాదేశపు ఎండు పుట్టగొడుగుల పొట్లమునుండి 15 ముక్కలను క్యూ ఉద్యానవన పరిశోధకులు పరీక్షించిరి. అందు మూడు జాతులు తేలెను. మూడింటికిని అప్పటికి శాస్త్రీయనామము లేదు! పిదప వానికి బొలీటస్ ప్రజాతిలో పేర్లు పెట్టిరి. జనులు తినుచున్న వస్తువునకే శాస్త్రమున పేరు లేకుండెను.

ఇందు వింత లేదు. భూమిపై శిలీంధ్ర జాతులు 22 లక్షలు మొదలు 38 లక్షల వఱకు ఉండునని 2017లో అంచనా వేసిరి. పేరు పొందినవి సుమారు లక్షన్నర మాత్రమే.

అయినను జన్యువొక్కటియే చాలదు. అది జాతిని చెప్పునే కాని, తినవచ్చునా యని చెప్పదు. రూపవర్ణనము, భద్రపఱచిన నమూనా, జన్యులిపి – మూడును కలిసిననే గుర్తింపు గట్టిపడును.

వెండి నల్లబడనిచో మంచిదనుట, పురుగు తిన్నది మనమును తినవచ్చుననుట వట్టి భ్రమలు. తెలియనిదానిని వండకుడు. దొరికిన చోటు, తేది, ప్రక్కనున్న చెట్టు వ్రాసి, ముద్రకాగితముతో మన గ్రంథాలయమునకు తెండు. పుస్తకముల పట్టిక ప్రక్కన మన యూరి పుట్టగొడుగుల పట్టికయు ఒకటి ఏర్పడును గాక!