పళ్ళ మీద గార: తోమితే పోయేది, తోమినా పోనిది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ధరణికోట గ్రామ సమాఖ్య తరఫున మాట్లాడిన మాటలు)



నాది ధరణికోట. పదో తరగతి దాకా చదువుకున్నాను. పొదుపులు, అప్పులు, బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడటం నాకు అలవాటే. ఈసారి ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను పళ్ళ మీద గార గురించి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. అయితే కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వండి. నేను చెప్పబోయేది ఆ కొంగు సంగతే.

మా గ్రూపులో మూడేళ్ళ కిందట ఒక కోడలుపిల్ల చేరింది. పుట్టిల్లు వినుకొండ అవతల ఒక ఊరు. పనిమంతురాలు, లెక్క బాగా వచ్చు. కానీ నోరు తెరిచి నవ్వదు. బ్యాంకులో గ్రూపు ఫొటో తీస్తుంటే కూడా కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడ సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు. అత్త "పాచిపళ్ళది" అని నలుగురిలో అనేది. అత్తనని ఏం లాభం, నేనూ అన్నాను. ఒక మీటింగులో అందరి ముందు "రోజూ రెండుసార్లు తోముకోమ్మా, అయ్యే పోతయ్యి" అన్నాను. మంచి చెప్పాననుకున్నాను.

ఆ పిల్ల అప్పటికే రోజుకి మూడుసార్లు తోముతోందంట. నా మాట విన్నాక బొగ్గు, ఉప్పు కలిపి రుద్దింది. ఫోనులో చూసి నిమ్మకాయ, వంటసోడా రుద్దింది. చారలు పోలేదు. చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనటం మొదలైంది. ఒక వారం మీటింగులో మూడువేలు అంతర్గత అప్పు అడిగింది. ఇంటి ఖర్చు అంది. తీర్మానం రాసి సంతకం పెట్టింది నేనే. ఆ డబ్బు తీసుకెళ్ళి, పళ్ళు తెల్లగా చేస్తానని రోడ్డు పక్కన కూర్చున్న ఒకతనికి ఇచ్చింది. ఏదో ఘాటు నీళ్ళు పూశాడంట. రెండు రోజులు తెల్లగా కనపడ్డయ్యి. మూడోరోజుకి చిగుళ్ళు పుండ్లు పడి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది.

అప్పుడు నేను, మా రెండో లీడరు కలిసి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె నోరు చూసి ఒక్కటే అడిగింది: "చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగావమ్మా?"

"బోరు నీళ్ళు."

"ఇది గార కాదు, పాచీ కాదు. ఫ్లోరైడు మచ్చలు. నువ్వు ఎంత తోమినా పోవు. నీ తప్పేం లేదు" అంది. ఆ పిల్ల అక్కడే ఏడ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది, తర్వాత నేను అడిగి తెలుసుకుంది మీకు చెబుతాను.

పళ్ళ మరకలు రెండు రకాలు. ఒకటి బయటి నించి పట్టేది. రెండోది లోపల నించి వచ్చేది.

ముందు లోపలిది చెబుతాను. పన్ను చిగురులో నించి బయటికి రాకముందే లోపల తయారవుతుంది. పుట్టినప్పటి నించి ఎనిమిదేళ్ళ దాకా ఆ పని జరుగుతుంది. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగితే పంటి పైపొర సరిగా గట్టిపడదు. పన్ను వచ్చేటప్పుడే మచ్చతో వస్తుంది. పెద్దయ్యాక ఆ నీళ్ళు తాగితే పళ్ళకి కొత్త మచ్చ రాదు గానీ, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు పట్టేస్తయ్యి, నడుం వంగదు. ఇది మన దేశంలో మొదట బయటపడింది మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. నల్గొండ సంగతి మీ అందరికీ తెలిసిందే. మన పల్నాడులోనూ వినుకొండ, బొల్లాపల్లి వైపు కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ.

లీటరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు లేనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అది కంటికి కనపడదు, రుచి తెలియదు. నీళ్ళు కాచినా పోదు, ఇంకా చిక్కనవుతుంది. గుడ్డలో వడగట్టినా పోదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పే ఏర్పాటు ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో అడగండి. కృష్ణ పక్కనున్న మాకు ఏటి నీళ్ళున్నయ్యి గదా, మాకెందుకనుకోవద్దు. ఏటి నీళ్ళు రాని రోజు మనం పట్టుకునేది బోరు నీళ్ళే.

ఇక బయటి మరకలు. ఇవి మన చేతిలో ఉన్నయ్యి.

మొదటిది టీ. మిరపకోతకి పోయినప్పుడు రోజుకి నాలుగైదుసార్లు తాగుతాం. టీలో ఉండే వగరు పంటికి పట్టుకుని గోధుమరంగు వస్తుంది. మానమని చెప్పను, నేనే మానలేను. తాగిన వెంటనే ఒక గుక్క నీళ్ళు నోట్లో వేసుకుని పుక్కిలించి ఊయండి. కొంత మరక అక్కడే ఆగుతుంది.

రెండోది పులుపు. చింతకాయ, నిమ్మకాయ, కూల్‌డ్రింకు పంటి పైపొరని కాసేపు మెత్తన చేస్తయ్యి. తిన్న వెంటనే తోమితే ఆ పొర అరుగుతుంది. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోమండి. నిమ్మకాయతో పళ్ళు రుద్దటం అసలు పనికిరాదు. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు, ఇసక కూడా అంతే. మరకతోపాటు పన్ను కూడా పోతుంది. పైపొర ఒకసారి అరిగితే మళ్ళీ రాదు. అరిగిన కొద్దీ లోపలి పసుపురంగు బయటపడుతుంది. తెల్లబడాలని రుద్దితే ఇంకా పచ్చబడతయ్యి.

మూడోది ఐరన్ టానిక్. పిల్లలకి పోస్తే పళ్ళు నల్లబడుతున్నయ్యని కొందరు తల్లులు ఆపేస్తున్నారు. ఆపొద్దు. రక్తం ముఖ్యం. నాలిక వెనక పోసి, పైన నీళ్ళు తాగించండి. తర్వాత పళ్ళు తోమించండి. ఆ నలుపు పైపైదే, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. గర్భిణులు మింగే మాత్రలతో పళ్ళకి ఏమీ కాదు.

నాలుగోది ఆకువక్క, వక్కపొడి, గుట్కా, పొగాకు. ఇది మరకతో ఆగదు. పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా నోటి క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. వక్క అలవాటున్నవాళ్ళకి నోటి లోపల చర్మం బిగుసుకుపోయి, నోరు తెరుచుకోకుండా పోయే జబ్బు కూడా వస్తుంది. దానికి మొదటి గుర్తు కారం తింటే నోరు మండటం. మనం పల్నాటోళ్ళం, కారం మనకి లెక్కలోది కాదు. అట్టాంటిది వక్క నమిలే మనిషి "ఈ మధ్య పచ్చడి తినలేకపోతన్నా" అంటే నవ్వి వదిలేయొద్దు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోయినా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, చెరిపినా పోని తెల్ల మచ్చ ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే.

మరి రోజూ ఏం చేయాలి? పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మెత్తటి బ్రష్‌తో రెండు నిమిషాలు. గట్టిగా కాదు, గుండ్రంగా తిప్పుతూ. మూడేళ్ళ లోపు పిల్లలకి పేస్టు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. మింగకుండా ఉమ్మించాలి. వేపపుల్ల వాడేవాళ్ళు కొస మెత్తగా నమిలి వాడండి, చిగుళ్ళు గీసుకోవద్దు. గట్టిపడిన గార ఇంట్లో పోదు, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి. దాంతో పళ్ళు కదులుతయ్యన్నది అపోహ. గార చిగురు కింద పేరుకుంటేనే పళ్ళు కదులుతయ్యి. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, అక్కడికి పోవచ్చు. ఫ్లోరైడు మచ్చలకి కూడా డాక్టర్ల దగ్గర తగ్గించే పద్ధతులున్నయ్యి. రోడ్డు పక్కన మాత్రం లేవు.

మా గ్రామ సమాఖ్యలో మూడు తీర్మానాలు రాసుకున్నాం. ఒకటి, వైద్యానికి అప్పు అడిగితే ఏ వైద్యం, ఎక్కడ అని నెమ్మదిగా, విడిగా అడగాలి. రెండు, ఏడాదికి రెండుసార్లు ఊరి నీళ్ళు పరీక్ష చేయించి, వచ్చిన అంకె మినిట్స్ పుస్తకంలో రాయాలి. మూడు, ఏ మనిషి పళ్ళనీ, ఒంటినీ మీటింగులో నలుగురి ముందు ఎత్తి చూపకూడదు. మూడోది నేను అడిగి రాయించిందే.

ఆ పిల్ల ఆ మూడువేలు నెలకి మూడొందలు చొప్పున, రూపాయి వడ్డీతో పది నెలల్లో తీర్చింది. ఒక్క నెల తప్పలేదు. పోగొట్టుకున్న డబ్బుకి వడ్డీ కట్టింది. చివరి కంతు కట్టిన రోజు, ముందు నలుగురిలో అన్నాను కాబట్టి, నలుగురి ముందే ఆమెని క్షమించమని అడిగాను. వాళ్ళ అత్త కూడా అక్కడే ఉంది. ఏం మాట్లాడలేదు గానీ, ఆ తర్వాత ఆ మాట మళ్ళీ అన్నట్టు నేను వినలేదు.

ఈ ఏడు గ్రూపు ఫొటోలో ఆ పిల్ల రెండో వరసలో ఉంది. ఈసారి కొంగు భుజం మీదే ఉంది.

మీ ఊళ్ళో కొంగు అడ్డం పెట్టుకునే కోడలు ఎవరైనా ఉంటే, "తోముకో" అనేముందు "చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగావమ్మా" అని అడగండి.