మన బాలికలు – బాస్కెట్‌బాల్ ఆట
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ఏటేట ఈ వేదికనుండి పరీక్షా ఫలితములను గూర్చియు, మన పిల్లల తెలుగు చదువును గూర్చియు విన్నవించుకొనుట మాకు పరిపాటి. ఈ పర్యాయము ఒక ఆటను గూర్చి చెప్పదలచితిమి. అది ఆడపిల్లలు ఆడు బాస్కెట్‌బాలు. హాకీ ఆటకు పేరుపొందిన కోవిల్‌పట్టిలో ఈ మాట యేలనని మీలో కొందరు అనుకొనవచ్చును. కారణము కలదు.

కొలది మాసముల క్రిందట మేము పై తరగతుల బాలికలను వెంటబెట్టుకొని విరుదునగరమునకు పోయితిమి. సాత్తూరు మీదుగా రైలులో గంటలోపు ప్రయాణమే. అచ్చట ఒక కళాశాల ఆవరణమున స్త్రీల జట్ల మధ్య పోటీ జరుగుచుండెను. ఒక జట్టులో మన పాఠశాలలో చదివిన బాలిక యుండెను. ఆట నడుచునంతసేపు ఆమె తన తోడివారిని తమిళమున కేకలు వేసి పిలుచుచుండెను. ఆమె జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయినది. చెమట తుడుచుకొనుచు మాయొద్దకు వచ్చి, మన ఇంటి తెలుగులోనే, తనతో ఇచ్చట చదివిన స్నేహితురాలిని గూర్చి అడిగినది. “సార్, దాని బంతి నా బంతికంటే నేరుగా పోయేది. అదిప్పుడు ఏం చేస్తా ఉంది?”

ఆ ప్రశ్నకు మా జవాబు కొంత ఆగి చెప్పెదము. ముందుగా ఆ పోటీ యెట్టిదో తలిదండ్రులు తెలిసికొనుట మంచిది.

విరుదునగర కళాశాలలు 1966లో ఏర్పడిన మధుర కామరాజ్ విశ్వవిద్యాలయమునకు చేరినవి. కోవిల్‌పట్టి కళాశాలలు 1990లో ఏర్పడిన తిరునెల్వేలి మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయమునకు చేరినవి. ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన కళాశాలల మధ్య పోటీలు నడిపి, మేలైన క్రీడాకారిణులను ఏరి, ఒక జట్టును కూర్చును. ఆ జట్టు దక్షిణ మండల పోటీకి పోవును. అచ్చట ముందు నిలిచిన జట్లు అఖిల భారత పోటీకి చేరును. అమెరికాలో కళాశాలలు కొన్ని చేరి ‘కాన్ఫరెన్సు’ అను కూటమిగా ఏర్పడును. ఆటల కాలము ముగియువేళ ఆ కూటమిలో ఒక టోర్నమెంటు జరుగును. అందు గెలిచిన జట్టునకు జాతీయ పోటీలో చోటు దొరకును. స్త్రీల కొరకు వారి కళాశాలల సంఘము ఇట్టి జాతీయ పోటీని మొదలుపెట్టినది 1982లో మాత్రమే. పద్ధతులు వేరైనను మెట్లు ఒక్కటే. చిన్న ఊరి పిల్ల మెట్టు మెట్టుగా దేశము ముందు నిలువవచ్చును.

ఆ తొలి మెట్టు మనకు దూరములేదు. విరుదునగరమున స్త్రీల కొరకే వన్నియపెరుమాళ్ కళాశాల 1962లో వెలసినది. కోవిల్‌పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు కళాశాల 1966లో వెలసినది. మైదానమును చేరుటకు దారి యున్నది. దారిలో అడ్డుగా నున్నది మన భయమే.

ఈ భయము మనకు మాత్రమే పుట్టినది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్సు నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు రెండు పండ్ల గంపలను ఎత్తున వ్రేలాడగట్టి ఈ ఆటను కనిపెట్టెను. మరుసటి సంవత్సరమే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని దీనిని తన విద్యార్థినులకు నేర్పెను. ఆమె కథ మనవంటివారు వినదగినది. ఆమె లిథువేనియా దేశమున పుట్టి, బాల్యముననే సముద్రము దాటి, పరభాష మాట్లాడు బోస్టను నగరమునకు చేరినది. చిన్ననాట మిక్కిలి బలహీనురాలు. వ్యాయామమువలన ఆరోగ్యము పొంది, ఆ విద్యనే ఇతరులకు పంచినది.

ఆమెయు ఆనాటి పెద్దల భయమునకు కొంత తలయొగ్గవలసి వచ్చినది. మైదానమును మూడు భాగములు చేసి, ఎవరి భాగము దాటి వారు పోరాదనెను. ఒకరి చేతిలోని బంతిని మరియొకరు లాగరాదు. మూడు సెకండ్లకు మించి బంతిని పట్టుకొనరాదు. మొదటి పోటీని చూచుటకు పురుషులను రానీయలేదు. 1896 ఏప్రిల్ 4వ తేదీన స్టాన్‌ఫర్డు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల స్త్రీల జట్లు తలపడినప్పుడును ప్రేక్షకులు స్త్రీలే. స్టాన్‌ఫర్డు 2–1 తేడాతో గెలిచినది.

పరుగెత్తిన స్త్రీల దేహము చెడునని అప్పటి పెద్దలు నమ్మిరి. ఏమియు చెడలేదు. అయినను ఐదుగురును మైదానమంతట పరుగెత్తి ఆడు పద్ధతి అమెరికా కళాశాల స్త్రీలకు 1971లో గాని రాలేదు. ఒలింపిక్ క్రీడలలో పురుషుల బాస్కెట్‌బాలు 1936లో చేరగా, స్త్రీలది 1976లో చేరినది. ఒక తప్పు నమ్మకమును విడుచుటకు ప్రపంచమునకే నలువది సంవత్సరములు పట్టినది. మన పిల్లలకు అంత వ్యవధి లేదు. వారి ఆటవయస్సు నాలుగైదు సంవత్సరములే.

మన రాష్ట్రముననే చెన్నైకి చెందిన అనిత పాల్‌దురై భారత మహిళా జట్టునకు నాయకురాలుగా నుండి, 2021లో పద్మశ్రీ పొందినది. బిడ్డ తల్లియైన పిమ్మటను మైదానమునకు తిరిగి వచ్చినది. 2017లో బెంగుళూరున జరిగిన ఆసియా కప్పు రెండవ శ్రేణి పోటీలో మన జట్టు కజకస్తానును 75–73 తేడాతో ఓడించి గెలిచినప్పుడు ఆమె నాయకురాలు. పెండ్లియు, సంసారమును ఆటకు శత్రువులు కావని ఆమె నిరూపించినది.

ఇక ఆ బాలిక అడిగిన ప్రశ్న. ఆమె స్నేహితురాలు తొమ్మిదవ తరగతిలో నుండగా తండ్రి మాయొద్దకు వచ్చి, “ఆడబిడ్డ పొద్దుపోయి ఇల్లు చేరితే ఊరు ఏమంటుంది సార్?” అనెను. ఆయన చెడ్డవాడు కాడు, కూతురిపై ప్రేమగలవాడే. మేము ఒక్కమాటయు ఎదురు చెప్పక, జాబితాలో ఆ పిల్ల పేరు కొట్టివేసితిమి. ఆట మానినపిదప ఆ పిల్లకు బడిపై ఉత్సాహము తగ్గినది. పదవ తరగతితో చదువు ముగిసి, అగ్గిపెట్టెల పనికి పోయి, రెండేండ్లలో పెండ్లియై వెడలిపోయినది. ఇదే సంగతి విరుదునగరమున ఆ బాలికకు చెప్పితిమి. ఆమె తలవంచుకొని, బంతిని నేలపై రెండుసార్లు కొట్టి, తన జట్టులోనికి పోయినది.

తండ్రి భయపడుట సహజము. ఆ భయమునకు మార్గము చూపవలసిన వారము మేము. మేము పేరు కొట్టివేయుటకు మారుగా, పిల్లను ఇంటికి చేర్చు ఏర్పాటు చేసియుండవలసినది. తప్పు మాది. దానిని ఈ సభలో ఒప్పుకొనుచున్నాము.

అందువలన ఈ సంవత్సరమునుండి మేము మాట యిచ్చుచున్నాము. బాలికల అభ్యాసము సాయంత్రము గాక, ఉదయము బడికి ముందు ఒక గంట జరుగును. పొరుగూరి పోటీకి పోవునప్పుడు ఉపాధ్యాయిని యొకరు తప్పక వెంట నుందురు. తల్లులెవరైన తోడు రాదలచిన వారికి చోటు కలదు. చీకటి పడకముందే పిల్లలు ఇంటికి చేరుదురు. ఒకనాడు అట్లు కుదరనిచో, ఇంటి గుమ్మమువరకు మేమే దిగవిడతుము. పిల్లలు నిండైన దుస్తులతోనే ఆడుదురు.

మీనుండి కోరునది రెండు విషయములే. మన మైదానమున ఒక్క స్తంభమే యున్నది. ఒక్క గంపతో పోటీ ఆట సాగదు. రెండవ స్తంభమునకు సంఘమువారు సాయపడవలెను. రెండవది, ఏడవ తరగతిలో ఒక జట్టుకు మించి ఆడు బాలికలు తొమ్మిదవ తరగతికి వచ్చుసరికి ఐదుగురైనను మిగులుట లేదు. పిల్ల పెద్దదైనదని ఆట మాన్పింపకుడు. మాన్పింపవలెనని తోచినచో, ముందుగా ఒక్కసారి మాయొద్దకు రండు. ఈసారి మేము మౌనముగా తలయూపము.

మన పెద్దలు తరతరములుగా ఈ కరిసల్ నేలపై పరభాష నడుమ తెలుగును నిలుపుకొనిరి. ఇంట ఒక భాష, వీధిన ఒక భాష మాట్లాడుచు రెంటను తడబడని ఆడపిల్లలకు మైదానమున తడబడు భయమేల? వారిని పంపుడు. సోమవారము ఉదయము ఆరున్నర గంటలకు మేము మైదానమున బంతితో వేచియుందుము.