మనుషుల పనికీ ఒక పథకం కావలెను
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్మల్ని మాట్లాడమన్న విషయం పేరు కొంచెం బరువుగా ఉన్నది. మానవ వనరుల శాఖలో పనిచేసేవారికి ప్రాజెక్టు నిర్వహణలో పై మెట్టు నైపుణ్యాలు. ఇది విని వెనుక వరుసలో ఇద్దరు ముగ్గురు పెద్దలు టీ కోసం లేవబోవటం మేము చూశాము. కూర్చోండి, ఇది మన ఇంటి విషయమే. వెనుకటి రోజుల్లో కంపెనీలో పర్సనల్ ఆఫీసరు అనో, లేబర్ ఆఫీసరు అనో ఒకాయన ఉండేవాడు. మనిషిని పనిలో పెట్టుకోవటం, జీతం లెక్క, సెలవు, తగాదా, అన్నీ ఆయనే చూసేవాడు. ఇప్పుడు ఆ శాఖనే హెచ్.ఆర్. అంటున్నారు. మన బెల్లంకొండ, సత్తెనపల్లి పిల్లలు కూడా హైదరాబాదులో ఆ కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఈ మాటలు ముందు వారికి, తరువాత పిల్లల్ని ఉద్యోగాలకు పంపే మనందరికి.

ముందుగా మా తప్పు చెప్పుకుంటాము. రెండేళ్ళ క్రిందట మన సంఘం తరఫున 23 మంది కుర్రవాళ్ళను ఒక ఫ్యాక్టరీకి ట్రైనీలుగా పంపినాము. పేరు అనవసరం. ఒకటో తేదీన రమ్మన్నారు, బస్సు ఎక్కించి పంపినాము. హాస్టలు గదులు పదకొండో తేదీకి గాని సిద్ధం కాలేదు. పది రాత్రులు పిల్లలు తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో, ఒక షెడ్డులో పడుకున్నారు. బ్యాంకు ఖాతాలు తెరవనందున మొదటి జీతం ఆగింది. శిక్షణ ఇచ్చే మేస్త్రీ సెలవులో ఉన్నాడు. నలభై రోజులు తిరిగేసరికి 14 మంది ఇల్లు చేరారు. ఒక తండ్రి మా గుమ్మంలోకి వచ్చి, “భాయ్, ఛార్జీలకు మిరపకాయల షావుకారు దగ్గర అప్పు చేసి పంపితిని. మీరు చెప్పినారని గదా పంపితిని” అన్నాడు. మా దగ్గర సమాధానం లేదు.

తరువాత ఆ ఫ్యాక్టరీలోని హెచ్.ఆర్. కుర్రవాణ్ణి అడిగాము. మంచివాడే. “సార్, నాకు అప్పగించింది మనుషుల్ని పిలవటం వరకే. హాస్టలు వేరే శాఖ, ఖాతాలు వేరే శాఖ” అన్నాడు. ఎవరి పని వాళ్ళు చేసినారు. మొత్తం పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. మేము కూడా బస్సు ఎక్కించటంతో మా పని అయిపోయిందనుకున్నాము. ఆనాటి నుంచి ఈ విషయం గురించి చదవటం, తెలిసినవారిని అడగటం మొదలుపెట్టినాము.

ఇది ఎక్కడో అమెరికాలో పుట్టిన విద్య అనుకోకండి. మన మండలంలోనే కొల్లూరు ఉన్నది. పేరుకు ఉన్నది గాని, పాత గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ క్రింద ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ వజ్రాల గని నడిచింది. కోహినూరు అక్కడిదేనని చాలామంది అంటారు. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వర్తకుడు ఆ గనికి వచ్చి చూసి, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వివరంగా వ్రాశాడు. తాను మొదటిసారి వచ్చేనాటికి ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది దాకా అక్కడ పనిచేస్తున్నారని ఆయన లెక్క. లెక్కలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. మాకు ముఖ్యమైనది ఆయన చెప్పిన పని వరుస. ముందు తవ్వే చోటు ప్రక్కనే మరికొంత నేల చదును చేసి చుట్టూ పొట్టి గోడ కట్టేవారు. తరువాతనే తవ్వకం. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళు పిల్లలు మట్టి మోసి ఆ గోడల మధ్య పోస్తారు. నీళ్ళు పోసి నానబెట్టి బురద వదిలిస్తారు. మిగిలింది ఎండలో ఆరాలి. ఆరినాక మన కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టినట్టే బుట్టలతో తూర్పారబట్టి, గడ్డలు చితకగొట్టి, మళ్ళీ తూర్పారబట్టి, చివరికి చేత్తో ఏరతారు.

చూడండి, గోడ లేకుండా మట్టి మోస్తే ఎక్కడ పోస్తారు? మట్టి ఆరకముందే ఏరేవాళ్ళను వెయ్యిమందిని పిలిస్తే వాళ్ళు ఏమి ఏరతారు? కూలి మాత్రం ఇవ్వాలి. మా 23 మంది పిల్లల సంగతి సరిగ్గా ఇదే. గోడ కట్టకముందే మట్టి మోయించినాము.

పెద్ద పనిని ముక్కలు చేసి, ఏ ముక్క తరువాత ఏ ముక్కో తేల్చుకోవటం ఈ విద్యలో మొదటి పాఠం. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు రెమింగ్టన్ రాండ్‌వారితో కలిసి దీనికి ఒక లెక్క కట్టినారు. క్రిటికల్ పాత్ అన్నారు. 1958లో వాళ్ళ నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం పెర్ట్ అనే ఇంకొక పద్ధతి తెచ్చింది. పేర్లు చూసి బెదరవద్దు. మన ఇంట్లో వలీమా దావత్ తీసుకోండి. ఎంతమంది వస్తారో తేలితే గాని మాంసం చెప్పలేము. మాంసం వస్తే గాని దేగు ఎక్కదు. దేగు దిగితే గాని దస్తర్‌ఖాన్ పరిచి లాభం లేదు. ఈ గొలుసులో ఎక్కడ గంట ఆలస్యమైనా భోజనం గంట ఆలస్యం. షామియానా మాత్రం అరగంట ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు. ఆ గొలుసే క్రిటికల్ పాత్. షామియానాకు ఉన్న వెసులుబాటును ఫ్లోట్ అంటారు. అయితే మన ఇళ్ళల్లో షామియానా వాడి మీద అరిచినంత, జనం లెక్క తేల్చని బావగారి మీద అరవము. అది వేరే సంగతి.

మనుషులతో కూడిన పనిలో కాలం అంచనా వేయటం కష్టం. దానికి పెర్ట్‌లో ఒక సులువు ఉన్నది. ఒక్క అంకె చెప్పకుండా మూడు చెప్పాలి. ఉదాహరణకు బ్యాంకు ఖాతా తెరవటానికి అంతా సజావుగా జరిగితే 3 రోజులు, మామూలుగా 5 రోజులు, ఆధార్‌లో పేరు తప్పుంటే 19 రోజులు అనుకుందాం. నడిమి అంకెను 4తో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, 6తో భాగించాలి. 3, 20, 19 కలిపితే 42. ఆరుతో భాగిస్తే 7 రోజులు. మనం 5 అని నమ్మి కూర్చున్నచోట 7 పెట్టుకోవాలన్న మాట. మన పిల్లల కాగితాల్లో షేక్ ముందు వ్రాసేది, వెనుక వ్రాసేది, అసలు వ్రాయనిది, ఈ మూడు రకాలూ ఉంటాయి గనుక 19ని మాత్రం మరువకూడదు.

ఇక పై మెట్టు నైపుణ్యం అంటే ఏమిటని మమ్మల్ని అడిగితే, మనుషుల పనిని గొలుసులో మొదటే కలపటం అంటాము. దీనికి పులిచింతలకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 2004లో శంకుస్థాపన జరిగింది. 2013 డిసెంబరులో జాతికి అంకితం చేశారు. 45.77 టి.ఎం.సీ.ల జలాశయం. గేట్లు నిలబడ్డాయి, కాంక్రీటు గట్టిపడ్డది, కాని కొన్నేళ్ళ వరకు నిండుగా నీళ్ళు నిలపలేకపోయారు. ముంపు గ్రామాల జనానికి పరిహారం, ఇళ్ళ స్థలాలు, కొత్త కాలనీల పని పూర్తికాకపోవటం అందులో ఒక పెద్ద కారణం. ఆనకట్ట కట్టటం ప్రాజెక్టు, జనాన్ని కదిలించటం వేరే కాగితం అనుకుంటే ఇట్లాగే ఉంటుంది. ఊరు వదిలినవారి బాధ ఈ సభలో కూర్చున్న కొందరికి మాకన్నా బాగా తెలుసు. ఇల్లు సామాను బండికెక్కించగలం గాని ఖబరస్తానును ఎక్కించలేము. ఏ ఇంజనీరు పట్టికలోనూ దానికి గడి ఉండదు. అడిగి వ్రాయించవలసినవాడు మనుషుల శాఖవాడే.

అందుచేత మన హెచ్.ఆర్. పిల్లలకు మా మనవి. మీకు “పిలవటం వరకే” అప్పగిస్తే ఒప్పుకొని ఊరుకోకండి. గది ఎవరు చూస్తున్నారు, జీతం ఎవరు చూస్తున్నారు, మొదటి వారం కుర్రవాడి ప్రక్కన ఎవరు ఉంటారు అని అడిగి, ఒక్కొక్క పనికి ఒకే ఒక్క పేరు వ్రాయించండి. ఇద్దరి పేర్లు వ్రాస్తే ఎవరూ చేయరు. ఏది చెడిపోవచ్చునో ముందే వ్రాసుకోండి. తేదీ మారితే, మారిన సంగతి చివరి మనిషి దాకా, ఇంట్లో ఉన్న తల్లి దాకా చేరవలెను. మాకు ఆ పది రోజులు ఎవరూ ఫోను చేయలేదు. మేమూ చేయలేదు.

ఈసారి సంఘం 16 మందిని పంపదలచింది. కొందరు సభ్యులు వద్దన్నారు, వారి భయం సబబే. ఒక పెద్ద కాగితం మీద 31 పనులు వ్రాసి, ప్రతి పని ఎదుట ఒక పేరు, ఒక తేదీ వేసి కార్యాలయం గోడకు అంటించినాము. 9వ పని హాస్టలు గదులు కంటితో చూసి రావటం. మనలో ఇద్దరు పోయి చూసి వచ్చారు. కుళాయిలో నీళ్ళు వస్తున్నవి, మంచాలు రెండు తక్కువ. ఆ రెండు మంచాలు పడినట్టు కబురు అందేదాకా 10వ పని, అంటే బస్సు టిక్కెట్లు, ముట్టుకోము. మునుపు తిరిగి వచ్చిన 14 మందిలో ముగ్గురు మళ్ళీ పోతామని పేర్లు ఇచ్చినారు. షావుకారు అప్పు చేసిన ఆ తండ్రి కొడుకు కూడా ఆ ముగ్గురిలో ఉన్నాడు. అతని ఛార్జీలు ఈసారి సంఘమే భరిస్తుంది. 22వ పని, మొదటి వారం రోజూ రాత్రి పిల్లలకు ఫోను చేయటం. దాని ఎదుట గడి ఇంకా ఖాళీగా ఉన్నది. సభ కాగానే ఎవరైనా వచ్చి తమ పేరు వ్రాయవచ్చును. పెన్ను అక్కడే దారంతో కట్టి ఉన్నది.