చేతికి తెలిసిన చోటు



వంటింట్లో పోపుల డబ్బా ఉంది చూశారూ, దాని సంగతి ఒక్కసారి ఆలోచించండి. మూకుట్లో నూనె కాగుతూ ఉంటుంది. మనం పిల్లవాడికి ఎక్కం ఒప్పజెప్పిస్తూనో, గుమ్మంలో పాలవాడితో మాట్లాడుతూనో ఉంటాం. చెయ్యి మాత్రం తనంతట తానే ఆవాల గిన్నెలోకి, అక్కణ్ణుంచి జీలకర్రలోకి, మినప్పప్పులోకి పోతుంది. కంటితో పనే లేదు. ఆ డబ్బాను ఎవరో, మంచి బుద్ధితోనే, శుభ్రంగా తోమి, గిన్నెలన్నీ అటువి ఇటూ ఇటువి అటూ మార్చి అందంగా అమర్చారనుకోండి. ఆవాల చోట మెంతులు పడతాయి. పోపు మాడుతుంది. పైగా ఆ మార్చినవారే వచ్చి, "ఇంత చిన్న మార్పుకే ఇంత కంగారా?" అంటే మనకెలా ఉంటుంది చెప్పండి!

కంప్యూటర్ల లోకంలో సరిగ్గా ఇదే తగవు ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది దాన్ని గురించే.

"ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ కంప్యూటర్ గోల ఏమిటమ్మా?" అని విసుక్కోకండి. చీటీపాట లెక్కలూ, అపార్టుమెంటు సంఘం జమాఖర్చులూ, పచ్చళ్ళూ పొడులూ అమ్మేవారి ఆర్డర్ల పట్టికలూ, పిల్లల ప్రాజెక్టులూ ఇవాళ ఎన్నో ఇళ్ళల్లో బల్ల మీది కంప్యూటర్లోనే ఉంటున్నాయి. వాటిని చూసుకునేది చాలాచోట్ల ఇంటి ఇల్లాలే. అందుచేత ఇది మన తగవు కూడాను.

కంప్యూటర్‌ను నడిపించే మూలమైన ఏర్పాటును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. ఇది కొన్నేళ్ళకోసారి కొత్త అవతారం ఎత్తుతుంది. లోపల చేసిన మార్పులు మన కంట పడవు. తెర మీద ఏ బొమ్మ ఎక్కడుంది, ఏది నొక్కితే ఏది తెరుచుకుంటుంది అనే పై అమరిక మారినప్పుడే జనం నోరు విప్పుతారు. ఒకరు బాగుందంటారు, పదిమంది పాతదే నయమంటారు.

ఈ కథలో పేరుమోసిన ఘట్టం ఒక చిన్న మీటది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో తెర అడుగున ఎడమ మూలకు "స్టార్ట్" అనే మీట వచ్చింది. ఏ పని కావాలన్నా ముందు అక్కడ నొక్కాలి. కంప్యూటర్‌ను ఆపాలన్నా అక్కడే నొక్కాలి! "ఆపడానికి స్టార్ట్ నొక్కడమేమిటి?" అని నవ్వినవాళ్ళూ లేకపోలేదు. అయితేనేం, కొత్తగా నేర్చుకునేవారికి అది గుమ్మం లాంటిదైంది. ఎంత దారి తప్పినా మళ్ళీ ఆ మూలకు వస్తే చాలు, ఇంటికి చేరినట్టే. 2007లో వచ్చిన విస్టాలో ఆ మీట మీది అక్షరాలు పోయి గుండ్రని బిళ్ళ వచ్చింది గానీ, చోటు మాత్రం చెక్కుచెదరలేదు.

అలాంటిది, 2012 అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చేసరికి ఆ మీట మాయమైంది. కంప్యూటర్ తెరవగానే తెర నిండా రంగురంగుల పలకలు. ఆపాలంటే మౌస్‌ను కుడి మూలకు తీసుకుపోయి, అక్కడ పట్టీ బయటికొస్తే అందులో సెట్టింగ్స్ నొక్కి, ఆపైన పవర్ నొక్కి, అప్పుడు ఆపాలి. ఆ మూలలో అలాంటి పట్టీ ఒకటి దాక్కుని ఉందని ఎవరైనా చెబితే తప్ప తెలిసే దారి లేదు. లోకమంతా గగ్గోలు పెట్టింది. పోయిన మీటను తిరిగి తెచ్చిపెట్టే విడి ప్రోగ్రాములు కూడా పుట్టుకొచ్చాయి. వాటిలో క్లాసిక్ షెల్ అనేది ఉచితంగానే దొరికేది.

ఎందుకు తీసేశారయ్యా అంటే, వారి కారణాలు వారికి ఉన్నాయి. 2010లో ఐప్యాడ్ వచ్చాక, వేలితో తాకి పనిచేసే పలక కంప్యూటర్లదే రేపటి రోజని అందరూ అనుకున్నారు. బల్ల మీద ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకేలా ఉండాలని వారి ఊహ. అంతేకాదు, స్టార్ట్ మెనూ వాడకం తగ్గుతూ వస్తోందని వారు లెక్కలు కూడా చూపించారు. రోజూ కావలసినవాటిని జనం అడుగు పట్టీ మీదే పెట్టుకుంటున్నారు, ఇక ఆ మెనూతో అంత అవసరం లేదని వారి వాదన.

ఇక్కడే నేను అసలు మాట చెప్పదలచుకున్నాను. మన ఇళ్ళల్లో మందుల డబ్బా ఉంటుంది. దాన్ని నెలకోసారి తెరుస్తామో లేదో. ఎన్నిసార్లు తెరిచారని లెక్కపెట్టేవాడికి అది ఇంట్లో పనికిరాని వస్తువుగా తేలుతుంది. కానీ అర్ధరాత్రి పిల్లకు జ్వరం వచ్చినప్పుడు, దీపం కూడా వేయకుండా చెయ్యి దాని మీదికి పోవాలి. ఎన్నిసార్లు వాడామన్నది ఒక లెక్క, అది అక్కడ ఉందన్న ధైర్యం మరొక లెక్క. మొదటిది యంత్రం లెక్కపెట్టగలదు. రెండోది మనుషులు నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.

జనం చెప్పారు. ఏమైంది? ఏడాది తిరక్కుండా, 2013 అక్టోబర్‌లో విండోస్ 8.1తో మీట తిరిగొచ్చింది. అయితే నొక్కితే మళ్ళీ ఆ పలకల తెరే! గుమ్మం పెట్టారు గానీ లోపల పాత ఇల్లు లేదన్నమాట. గొణుగుడు ఆగలేదు. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళగారు ఆ సంస్థ పగ్గాలు చేపట్టారు. ఆ ఏడాదే, తయారవుతున్న కొత్త విండోస్‌ను ముందుగానే వాడి చూసి అభిప్రాయం చెప్పడానికి మామూలు జనాన్ని కూడా పిలిచారు. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10లో స్టార్ట్ మెనూ తన పాత మూలలోకి వచ్చి కూర్చుంది. పలకలు పూర్తిగా పోలేదు, ఆ మెనూలోనే ఒక పక్కన సర్దుకున్నాయి. అత్తగారి మాటా, కోడలి మాటా రెండూ చెల్లాయన్నమాట.

తగవు అంతటితో తీరిందా? లేదు. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 ఆ మీటను ఎడమ మూల నుంచి తెర మధ్యకు జరిపింది. ఈసారి మాత్రం కావలసినవారు సెట్టింగ్స్‌లో తిరిగి ఎడమకు తెచ్చుకునే వీలు ఉంచారు. కానీ వచ్చిన కొత్తలో అడుగు పట్టీ మీద తెరిచిన కాగితాల పేర్లు కనబడేవి కావు, బొమ్మలు మాత్రమే. మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో కట్, కాపీ, పేస్ట్ అనే మాటలు పోయి గుర్తులు మిగిలాయి. "మాటలు తీసేసి బొమ్మలు పెడితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని వాడేవారు అడిగారు. పట్టీ మీది పేర్లు 2023లో తిరిగొచ్చాయి. ఆ గుర్తుల కింద మాటలు 2024లో వచ్చి చేరాయి. చూశారా, అడగంగా అడగంగా!

ఇది ఒక్క సంస్థ కథే కాదు. ఆపిల్ వారు 2000 సంవత్సరంలో తమ కొత్త వ్యవస్థను ప్రయోగానికి విడుదల చేసినప్పుడు, ఎడమ మూలన ఏళ్ళుగా ఉన్న ఆపిల్ మెనూను తీసేసి, నడిమధ్యన అలంకారానికి ఒక ఆపిల్ బొమ్మ పెట్టారు. అది నొక్కినా ఏమీ జరగదు! వాడేవారు ఊరుకోలేదు. 2001లో అసలు వ్యవస్థ వచ్చేసరికి మెనూ మళ్ళీ తన మూలకు చేరింది. ఉచితంగా దొరికే లినక్స్‌లో గ్నోమ్ అనే పై అమరిక ఉంది. 2011లో దాన్ని సమూలంగా మార్చినప్పుడు, గిట్టనివారు పాత గ్నోమ్‌నే తీసుకుని మాటే అనే పేరుతో విడిగా నిలబెట్టుకున్నారు. విడి కాపురం పెట్టారన్నమాట.

అలాగని జనం మాట ప్రతిసారీ వేదవాక్కని నేననను. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు, ఆ నీలం పట్టీ, పచ్చ మీట చూసి చిన్నపిల్లల ఆటబొమ్మలా ఉందని ఎంతోమంది ఎగతాళి చేశారు. పచ్చని గుట్ట, నీలాకాశం ఉన్న బొమ్మ గుర్తుందా? అదే ఎక్స్‌పీ. తర్వాత దాన్ని వదలమంటే వదలనివారు కోకొల్లలు. 2014 ఏప్రిల్ 8తో దానికి సంస్థ మద్దతు ఆగిపోయినా చాలాకాలం పట్టుకు వేలాడారు. కొత్తలో చేదైనది అలవాటయ్యాక తీపి అవుతుంది.

మరి ఏది ఒట్టి అలవాటు, ఏది న్యాయమైన ఫిర్యాదు అని తేల్చుకోవడం ఎలా? నేను పాటించే పద్ధతి చెబుతాను. ఒక పదిహేను రోజులు ఓపిక పట్టి వాడండి. అప్పటికి చేతికి పట్టుబడితే అది ఒట్టి అలవాటు సంగతి. అప్పటికీ ఇంతకుముందు ఒక నొక్కుతో అయ్యే పనికి మూడు నొక్కులు పడుతున్నా, కళ్ళెదుట ఉండే మాట దాగిపోయినా, అది మీ లోపం కాదు, చేసినవారి లోపం.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా వీధిలో ఒకావిడ ఉన్నారు. మేమంతా పిన్నిగారంటాం. భర్త పోయాక నలభై ఐదో ఏట పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకుని, ఇంట్లోనే శుభలేఖలూ, విద్యార్థుల థీసిస్‌లూ టైపు చేసి ఇద్దరు పిల్లల్ని చదివించారు. ఒకరోజు ఉదయం ఆవిడ కంప్యూటర్లో కొత్త అమరిక ప్రత్యక్షమైంది. ఏ రకమో, ఎవరిదో ఇప్పుడు పేరెందుకు లెండి. రోజూ ఉన్నచోట ఏదీ లేదు. శుభలేఖ కోసం వచ్చినవారు గుమ్మంలో నిలబడ్డారు, చేసిపెట్టినది ఎక్కడుందో దొరకలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసి కూర్చున్నారు. "ఇంక నా బుర్ర పనిచేయడం లేదమ్మాయ్, ఈ పని చాలించేస్తాను" అన్నారు.

ఆవిడ బుర్ర నిక్షేపంలా ఉంది! పదేళ్ళు కూడబెట్టుకున్న చేతి జ్ఞానాన్ని ఒక్కరాత్రిలో చెల్లని కాసు చేసినవారిది తప్పు. కానీ ఆవిడ ఆ తప్పును తన నెత్తిన వేసుకున్నారు. మన ఆడవాళ్ళకు ఇది అలవాటే కదా. మూత రాకపోతే నా చేతిలో బలం లేదంటాం గానీ, మూత సరిగ్గా చెయ్యలేదనం. వారం రోజులు పక్కన కూర్చుంటే పిన్నిగారు మళ్ళీ పనిలో పడ్డారు. ఆ వారంలో మేమిద్దరం నేర్చుకున్నవే మీకూ చెబుతాను.

మొదటిది: తెర రూపం ఎంత మారినా, కొన్ని మీటల జతలు మారవు. కంట్రోల్ మీటతో సి నొక్కితే కాపీ, వి నొక్కితే పేస్ట్, ఎస్ నొక్కితే భద్రపరచడం, జెడ్ నొక్కితే చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం. విండోస్ గుర్తున్న మీటతో ఇ నొక్కితే మీ కాగితాల అర తెరుచుకుంటుంది. విండోస్ 95 నాటివే ఇవాళా పనిచేస్తాయి. వీటిని ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించుకోండి.

రెండోది: ఏదైనా కనబడకపోతే, విండోస్ మీట ఒక్కసారి నొక్కి, కావలసినదాని పేరు టైపు చేయడం మొదలుపెట్టండి. అదే ఎదురుగా వస్తుంది.

మూడోది: పిల్లల్ని అడిగితే "ఓస్, ఇంతేనా!" అని మౌస్ లాక్కుని చకచకా చేసేసి పోతారు. ఆ పని పడనివ్వకండి. "నువ్వు చెప్పు నాన్నా, నేను నొక్కుతాను" అనండి. నొక్కిన చెయ్యికే వస్తుంది విద్య.

నాలుగోది: పాత రూపం మీద మమకారంతో పాత వ్యవస్థనే పట్టుకు కూర్చోకండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్ళల్లో వాడేవారు కోరి చేరితే మరో ఏడాది భద్రతా సవరణలు అందే ఏర్పాటు చేశారు గానీ, అది గడువు పొడిగింపే. సవరణలు ఆగిన కంప్యూటర్లో బ్యాంకు పనులు చేయడం గడియ లేని తలుపు వేసుకుని పడుకోవడమే. చాలా పాత యంత్రాలు విండోస్ 11ను మోయలేవు. కొనేముందు తెలిసినవారి చేత మీ యంత్రం సరిపోతుందో లేదో చూపించుకోండి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది: మీ ఇబ్బందిని చెప్పండి. విండోస్‌లో ఫీడ్‌బ్యాక్ హబ్ అనే చోటు అందుకే ఉంది. "బాగాలేదు" అని ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఫలానా పని ఇంతకుముందు ఒక నొక్కుతో అయ్యేది, ఇప్పుడు మూడు పడుతోంది. ఫలానా మాట ఉండేది, ఇప్పుడు లేదు" అని విడమరిచి రాయండి. అలా రాసినవారి వల్లనే పోయిన మీట తిరిగొచ్చింది, పోయిన మాటలు తిరిగొచ్చాయి. ఇంటి లెక్కలు రాసుకునే ఇల్లాలి చేతికి ఏది ఎక్కడ ఉంటే వీలో, అది ఇల్లాలు చెబితే తప్ప ఏ ఇంజనీరుకూ తట్టదు. ఈ వారంలో మిమ్మల్ని విసిగించిన మార్పు ఒక్కటి ఎంచుకుని, రెండు వాక్యాలు రాసి పంపండి.