చేయని తప్పుకు చలానా కట్టవలసిందేనా?

(బస్తీ సంక్షేమ సంఘం నిర్వహించిన చట్ట అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి వచ్చే విన్నపాలలో పింఛను, రేషన్ కార్డుల తరువాత ఎక్కువగా కనిపిస్తున్నది ట్రాఫిక్ చలానా. "వెయ్యి రూపాయలేగా, కట్టేయరాదూ!" అన్నదే ఇరుగుపొరుగువారి సలహా. తప్పు చేసినవారు కట్టవలసిందే. హెల్మెట్ లేకుండా బండి నడిపి వకీలును చూపమంటే మేము చూపము. చేయని తప్పు సంగతి వేరు.

మన పేటలోని ఒక ఆటో డ్రైవరుకు ఎర్రలైటు దాటాడని నోటీసు వచ్చింది. ఫోటోలో ఉన్నది సరుకుల ఆటో, ఆయనది ప్రయాణికుల ఆటో. నంబరు పలకపై బురద వల్ల 8 కాస్తా 3గా కనిపించింది. అయినా ఆయన డబ్బు కట్టబోతుంటే మనకు తెలిసిన న్యాయవాది వారించారు. ఎర్రలైటు దాటడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను కిందికి వస్తుంది. మూడేళ్ళలోపు అటువంటి నేరమే మళ్ళీ చేస్తే 10,000 రూపాయల జరిమానా, లేదా రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. అంటే నేడు ఊరకే ఒప్పుకున్నది రేపు మొదటి నేరంగా లెక్కకు వస్తుంది. లైసెన్సు మీదే బ్రతికేవానికి ఇది వెయ్యి రూపాయల వ్యవహారం కాదు.

న్యాయవాది వకాలత్ దాఖలు చేసి, వాయిదాలకు స్వయంగా హాజరు కానవసరం లేకుండా మినహాయింపు కోరారు. రోజు కూలి పోకుండా నిలిచింది దానివల్లనే. ఆర్.సి., పర్మిటు నకళ్ళు జతపరచి, ఫోటో అసలు ప్రతినీ, కెమెరా ఆమోద పత్రాన్నీ అడిగారు. 2021లో చేర్చిన 167ఎ నిబంధన ప్రకారం ఆ పత్రం ఉండాలి, చలానా పరిష్కారమయ్యేదాకా రికార్డును భద్రపరచాలి. మూడవ వాయిదాకు కేసు ఉపసంహరించుకున్నారు. ఖర్చు జరిమానాకు దాదాపు సమానమే అయింది, దాచవలసిన పని లేదు.

కోర్టులో "నేరం ఒప్పుకుంటావా?" అని అడిగినప్పుడు త్వరగా బయటపడాలని తల ఊపేవారే ఎక్కువ. అలా ఒప్పుకున్నాక అప్పీలుకు మిగిలేది శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత మేరకే.

"మన టోపీ చూసే ఆపుతారు" అనేవారున్నారు. ఆ బాధను మేము కొట్టిపారేయము. అయితే కచేరీలో ఏళ్ళ తరబడి ఫైళ్ళు మోసినవాళ్ళం. నోటిమాట ఏ రిజిస్టరుకూ ఎక్కదు. తేదీ, ముద్ర ఉన్న రసీదుతో ఇచ్చిన జవాబు ఎక్కుతుంది.

ఫీజు ఇచ్చుకోలేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. మైనారిటీలమన్నంత మాత్రాన ఆ సాయం లభించదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేదు, పురుషులకు సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు. 15100కు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్ళవచ్చు.

నోటీసులు తెచ్చినవారు సభ ముగిశాక పక్క గదిలోకి రండి, న్యాయవాదిగారు అక్కడే ఉంటారు. ఆర్.సి. నకలు మరవకండి.